అలల్లేని సముద్రంలో తూము ఎక్కడుంటుంది?

చెరువు నిండిన ఏడు అనంతపురం పల్లెల్లో పిల్లలకు పెద్దలు ఒక జాగ్రత్త చెబుతారు. ఎక్కడైనా ఈదండి గానీ తూము పక్కకు మాత్రం పోవద్దు. నడిచెరువులో నీళ్లు కదిలినట్టే ఉండవు. గాలికి పైన నాలుగు ముడతలు పడతాయి, అంతే. తూము దగ్గర కూడా పైకి అలాగే కనిపిస్తుంది. అడుగున మాత్రం చెరువంతా ఆ ఒక్క కంతలోంచే బయటపడాలని తోసుకుంటూ ఉంటుంది. అక్కడ కాలు పెట్టినవాడిని అది తిరిగి రానివ్వదు.

సముద్రం చూడాలంటే బస్సులో ఒక పూట గడపాల్సిన కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు చల్లటి దేశాల స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగడం) గురించి చెప్పాలంటే ఇంతకన్నా దగ్గరి దారి లేదు. స్కూబా అనగానే అండమాన్ ఫొటోలు గుర్తొస్తాయి. నీలం నీళ్లు, పగడాలు, రంగురంగుల చేపలు. దీనికి పూర్తిగా వేరైన డైవింగ్ ఇంకొకటుంది. అమెరికా వాయవ్య మూలన, కెనడా పడమటి తీరాన, స్కాట్లాండ్‌లో, నార్వేలో, న్యూజిలాండ్ దక్షిణ కొసన సముద్రం కొండల మధ్యకు పాయలు పాయలుగా చొచ్చుకొచ్చి ఉంటుంది. అక్కడ పెద్ద అలలుండవు. నీళ్లు పచ్చగా, మసగ్గా, ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. ఏడాది పొడవునా జనం వాటిలో దిగుతూనే ఉంటారు.

సియాటిల్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో రాయలసీమ పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లను చూడబోయిన తల్లిదండ్రులు అల్కై బీచ్ వైపు షికారుకు వెళ్లినప్పుడు, జనవరి చలిలో నల్ల సూట్లు తొడుక్కుని, వీపున సిలిండర్ మోసుకుంటూ నీళ్లలోకి నడిచిపోయే మనుషులు కనిపిస్తారు. వీళ్లకేం కర్మ అనిపించడం సహజం. ఆ నీళ్లలో ఏముందో తెలియాలంటే ముందు ఆ తీరం ఎలా పుట్టిందో చూడాలి.

సియాటిల్ ముందున్న సముద్రపు పాయ పేరు ప్యూజెట్ సౌండ్. సుమారు 16 వేల ఏళ్ల కిందటి దాకా ఆ ప్రాంతం దాదాపు కిలోమీటరు మందం మంచు కింద ఉండేది. ఆ హిమానీనదాలు నేలను గీరుకుంటూ పోయి లోతైన కాలువలు తవ్వాయి. మంచు కరిగాక సముద్రం వచ్చి వాటిని నింపింది. గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ దాదాపు 300 అడుగుల లోతు అంటారు. అలాంటి లోయలు మూడు ఒకదాని మీద ఒకటి పెడితే ప్యూజెట్ సౌండ్‌లో అన్నిటికన్నా లోతైన చోటుకు, అంటే సుమారు 280 మీటర్లకు, దాదాపుగా సరిపోతాయి. తీరం ఏటవాలుగా దిగిపోవడం వల్ల డైవర్‌కు పడవ అవసరం కూడా ఉండదు. కారు ఆపి, ఒడ్డు నుంచి నడిచి దిగి, కాసేపు ఈదితే చాలు, 20 మీటర్ల లోతు అందుతుంది.

బయట పసిఫిక్ మహాసముద్రంలో లేచే అలలు ఇక్కడిదాకా రావు. చుట్టూ కొండలు, దీవులు అడ్డం. గాలికి పరుగు తీయడానికి చోటు లేదు కాబట్టి లోపల పుట్టే అల కూడా చిన్నదే. ఆశ్రయం ఉన్న తీరం అనేది అందుకే. తుఫాను రోజుల్లో బయట పడవ దింపలేనప్పుడు కూడా ఇక్కడ ఏదో ఒక మూల దిగే వీలుంటుంది.

కానీ కొండలు అడ్డుకునేది అలలనే, ఆటుపోట్లను కాదు. చిక్కంతా అక్కడే ఉంది. సియాటిల్ దగ్గర రోజువారీ ఆటుపోట్ల తేడా సగటున మూడున్నర మీటర్లు. విశాఖ దగ్గర అమావాస్య పున్నములకు కూడా తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూగా ఉంటుంది. అంత పెద్ద పాయ నిండా మీటర్ల కొద్దీ మందం నీళ్లు లోపలికి రావాలి, మళ్లీ పోవాలి. రోజుకు రెండుసార్లు ఈ పని జరగాలి. దారి మాత్రం కొన్ని ఇరుకు సందులే. అంటే అక్కడ చెరువు చాలా పెద్దది, తూములు నాలుగైదే.

అలాంటి తూముల్లో టకోమా నారోస్ ఒకటి. ఆ పేరు ఇంజనీరింగ్ చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది. 1940 జులై 1న అక్కడ ఒక వేలాడే వంతెన తెరిచారు. అదే ఏడు నవంబరు 7న, గంటకు 64 కిలోమీటర్ల గాలికే అది చీరకొంగులా మెలికలు తిరిగి కూలిపోయింది. ఆ దృశ్యం ఫిల్ములో ఉంది కాబట్టి ఇప్పటికీ క్లాసుల్లో చూపిస్తారు. క్లాసులో చెప్పని సంగతి ఏమిటంటే, ఆ ఉక్కు, కాంక్రీటు ముక్కలు ఇంకా ఆ సందు అడుగునే పడి ఉన్నాయి, వాటినిండా ప్రాణులు కాపురం పెట్టాయి. 1992లో ఆ శిథిలాలను చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. చూడాలనుకునే డైవర్‌కు దొరికే సమయం చాలా తక్కువ. మిగతా వేళల్లో అక్కడ నీళ్లు నదిలా పారుతుంటాయి.

కాళ్లకు చేప రెక్కల్లాంటి ఫిన్లు తొడుక్కున్న డైవర్ అలసిపోకుండా ఈదగలిగేది గంటకు రెండు కిలోమీటర్ల లోపే. కెనడాలోని స్కూకమ్‌చక్ సందులో నీటి వేగం గంటకు 30 కిలోమీటర్లను తాకుతుంది. సందుకు ఇటువైపు, అటువైపు నీటిమట్టంలో రెండు మీటర్లకు పైగా తేడా వచ్చే రోజులుంటాయి. నార్వేలోని సాల్ట్‌స్ట్రౌమెన్ కూడా అలాంటిదే. ఆరు గంటల్లో దాదాపు 40 కోట్ల ఘనపు మీటర్ల నీరు ఆ సందు దాటుతుందని లెక్క. మన లెక్కలో చెప్పాలంటే అది 14 టీఎంసీలు. ఒక పూటలో పద్నాలుగు టీఎంసీలు! రాయలసీమలో ఈ అంకె చెబితే డైవింగ్ సంగతి పక్కకు పోయి మాట ఇంకెటో పోతుంది.

అయినా ఈ చోట్లన్నిట్లో డైవింగ్ జరుగుతుంది. పోటు ఆగి ఆటు మొదలయ్యే ముందు, లేదా ఆటు ఆగి పోటు మొదలయ్యే ముందు, నీళ్లు కాసేపు ఎటూ పోకుండా నిలబడతాయి. డైవర్లు దాన్ని స్లాక్ అంటారు. పోటు తారస్థాయికి చేరిన నిమిషంలోనే స్లాక్ వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అలా కాదు. రెండు చెరువుల మధ్య తూము ఉందనుకోండి. పై చెరువులో మట్టం తగ్గడం మొదలైనా, కింది చెరువులో అంతకన్నా తక్కువగా ఉన్నంతసేపూ నీళ్లు కిందికే పారుతాయి. రెండూ సమమైనప్పుడే ఆగుతాయి. ఇరుకు సందుల్లో కూడా బయట పోటుకు, లోపల నీళ్లు నిలవడానికి మధ్య చాలా తేడా రావచ్చు. అందుకే అక్కడి డైవర్లు నీటిమట్టాల పట్టికతో సరిపెట్టుకోరు, ప్రవాహాల పట్టిక వేరుగా చూస్తారు. అమెరికాలో ప్రభుత్వ సంస్థ నోవా ఈ అంచనాలను ఒక్కో సందుకు విడిగా ఇస్తుంది.

ఏ రోజు దిగాలి అనేది ఇంకో లెక్క. అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి లాగుతారు కాబట్టి ఆటుపోట్లు పెద్దవి, స్లాక్ చిన్నది. కొన్ని సందుల్లో అది నిమిషాల్లోనే అయిపోతుంది. సగం చంద్రుడున్న రోజుల్లో లాగుడు తగ్గి స్లాక్ నింపాదిగా సాగుతుంది. మన పంచాంగం ప్రకారం చెబితే అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు. అష్టమి, నవమి వస్తే మనవాళ్లు ప్రయాణం వాయిదా వేసుకుంటారు, అక్కడ డైవర్లు సెలవు పెట్టుకుని ఆ రోజుల కోసమే చూస్తారు. ప్యూజెట్ సౌండ్‌లో ఒకే రోజు వచ్చే రెండు పోట్లు సమానంగా ఉండవు. చంద్రుడు భూమధ్యరేఖకు ఎంత పైన, ఎంత కింద ఉన్నాడన్నది కూడా అక్కడ పని చేస్తుంది. కాబట్టి ఒక్క తిథిని నమ్ముకుని దిగితే మోసపోవచ్చు.

అనుభవం ఉన్నవాళ్లు స్లాక్‌కు అరగంట ముందే ఒడ్డున సూటు తొడుక్కుని కూర్చుంటారు. నీటి మీద తేలే ఆకును, నాచును చూస్తుంటారు. అది నెమ్మదించగానే దిగి, మిగిలిన కాస్త లాగుడుకు ఎదురీదుతూ ముందుకు పోతారు. తిరుగు దిశలో నీళ్లు కదలడం మొదలయ్యేసరికి ఒడ్డువైపు మళ్లాలి. పట్టికలో రాసిన సమయం అంచనాయే. గాలి, వానలు, నదుల వరద దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతాయి. మంచి డైవర్ అంటే బాగా ఈదేవాడని చాలామంది అనుకుంటారు. ఇలాంటి తీరాల్లో మంచి డైవర్ అంటే ఒడ్డున ఓపిగ్గా కూర్చుని, ఈ రోజు వద్దులే అని లేచి ఇంటికి పోగలిగినవాడు.

పచ్చనీళ్లలో ఏముంది

ఇంత తంటా ఎందుకంటే, తిండి ఉన్నది తూము దగ్గరే కాబట్టి. అడుగున రాయికి అతుక్కుని బతికే ప్రాణులు తిండి కోసం తిరగలేవు. తిండే వాటి దగ్గరికి రావాలి. నీళ్లు ఎంత జోరుగా పారితే అంత మేత నోటికి అందుతుంది. అందుకే సందుల్లోని రాళ్ల మీద అంగుళం ఖాళీ ఉండదు. కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి తెల్లటి, నారింజ రంగు సముద్రపు పూలు గుట్టలుగా ఉంటాయి. అవి మొక్కలు కావు, జంతువులే. స్పాంజిలు, రాయికి అతుక్కునే పెంకు జీవులైన పెద్దపెద్ద బార్నకిల్స్, వాటిని తినే నక్షత్ర చేపలు, ఆ సందుల్లో పీతలు, పీతల కోసం పొంచి ఉండే ఆక్టోపస్‌లు.

నీళ్లు పచ్చగా ఉండటానికి కూడా కారణం అదే. వెచ్చటి సముద్రాల్లో పైపొర వేడెక్కి తేలికగా ఉండిపోతుంది, అడుగునున్న పోషకాలు పైకి రావడం కష్టం. అందుకే ఆ నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. చల్లటి తీరాల్లో ఆటుపోట్లు, గాలులు అడుగు నీటిని పైకి కలియబెడుతుంటాయి. వసంతంలో ఎండ కాయగానే కంటికి కనిపించని మొక్కలు విపరీతంగా పెరిగి నీళ్లను పచ్చరసంలా చేస్తాయి. ఆ రోజుల్లో మూడు నాలుగు మీటర్ల అవతల ఏముందో కనపడని చోట్లుంటాయి. చలికాలంలో నీళ్లు తేటపడతాయి, అందుకే జనవరిలో ఆ సందడి. పైగా చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి. నీలం నీళ్లే అందమని ఫొటోలు మనకు నేర్పాయి గానీ, చేను చూసి పంటను అంచనా వేసే రైతు చూపుతో చూస్తే పచ్చనీళ్లే బలిసిన నీళ్లు.

ఆ తీరానికి పేరు తెచ్చిన ప్రాణి జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్. ఆక్టోపస్ జాతుల్లో అతి పెద్దది ఇదే. చేతులు చాపితే నాలుగైదు మీటర్లు ఉండేవి కూడా కనిపిస్తాయి. అంత పెద్ద జీవికి ఆయుష్షు మాత్రం మూడు నుంచి ఐదేళ్లే. ఆడది బొరియలో వేలాది గుడ్లను దండల్లా వేలాడదీసి, వాటికి కొత్త నీళ్లు తగిలేలా నెలల తరబడి కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో తిండి ముట్టదు. గుడ్లు పొదిగాక చనిపోతుంది. తినే రోజుల్లో బొరియ గడప ముందు పీత డిప్పలు కుప్ప పోస్తుంది కాబట్టి, చెత్త చూసి ఇంటిని కనిపెట్టడం డైవర్లకు అలవాటు.

2012 అక్టోబరు చివర్లో అల్కై దగ్గర సీక్రెస్ట్ పార్కు ముందు, కోవ్ 2 అని పిలిచే చోట, ఒక యువకుడు ఇలాంటి ఆక్టోపస్‌ను పట్టి ఒడ్డుకు తెచ్చాడు. అతనికి లైసెన్స్ ఉంది, చట్టం ఒప్పుకుంటుంది. అక్కడున్న డైవర్లు మాత్రం ఊరుకోలేదు. ఫొటోలు తీశారు, ఊరంతా గోల అయింది. ఒకే ఆక్టోపస్‌ను వందలమంది రోజూ వచ్చి చూసుకునే చోట ఒక్కడు దాన్ని కూరకు పట్టుకుపోవచ్చా అన్నది ప్రశ్న. 2013లో, సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం కోవ్ 2తో కలిపి ఏడు డైవింగ్ చోట్లలో ఆ వేటను నిషేధించింది. రాష్ట్రమంతటా ఆపలేదు. ఆక్టోపస్‌లు అంతరించిపోతున్నాయని తీసుకున్న నిర్ణయం కాదు ఇది. ఊరి చెరువులో చేపల వేలం లాంటి తగాదాయే, ఉమ్మడి సొత్తు ఎవరిదనే తగాదా. పరిష్కారం కూడా అలాగే సగం సగంగా వచ్చింది.

కోవ్ 2 అడుగున గొప్ప పగడపు తోటలేమీ లేవు. ఇసుక వాలు, పాత దుంగలు, మనుషులు పారేసిన సామాను. ఆశ్రయం ఉన్న తీరాల్లో చాలా డైవింగ్ చోట్లు ఇలాగే తయారయ్యాయి. రాయి లేని బురద అడుగులో ఏ గట్టి వస్తువు పడ్డా అది ఇల్లవుతుంది. సియాటిల్‌కు ఉత్తరాన ఎడ్మండ్స్‌లో 1935లో ఓడలను మరమ్మతు చేసే ఒక పాత డ్రైడాక్‌ను ముంచారు. దాని చుట్టూ చేపలు చేరాయి, చేపల వెనక డైవర్లు చేరారు. 1970లో ఆ 27 ఎకరాలను నీటిలోపలి పార్కుగా ప్రకటించి, వేట ఆపేశారు. ఆ తర్వాత వలంటీర్లు అడుగున తాళ్లు కట్టి దారులు వేశారు. ఆ తాళ్లు పట్టుకుని మసక నీళ్లలో కూడా దారి తప్పకుండా తిరగొచ్చు.

పెద్ద ఎత్తున ఇదే జరిగింది స్కాట్లాండ్ ఉత్తరాన స్కాపా ఫ్లోలో. దీవులు చుట్టూ కాపు కాసిన ఆ నీళ్లలో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, జర్మనీ యుద్ధనౌకలు 74 బందీలుగా ఉండేవి. శత్రువుకు దక్కకూడదని 1919 జూన్ 21న జర్మన్ నావికులే వాటిని ముంచారు. 52 మునిగిపోయాయి. తర్వాత ఇనుము కోసం చాలావాటిని పైకి లేపారు గానీ మూడు పెద్ద యుద్ధనౌకలు, నాలుగు క్రూయిజర్లు ఇంకా అడుగునే ఉన్నాయి. ప్రపంచం నలుమూలల నుంచి డైవర్లు వాటి కోసం వస్తారు. అదే నీళ్లలో 1939 అక్టోబరు 14న మునిగిన బ్రిటిష్ నౌక రాయల్ ఓక్ దగ్గరికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వరు. ఎనిమిది వందలమందికి పైగా నావికుల సమాధి అది.

అడ్డుగోడ ఖరీదు

ఆశ్రయం ఉచితంగా రాదు. ప్యూజెట్ సౌండ్ పక్కనే హుడ్ కెనాల్ అనే పాయ ఉంది. పేరుకు కెనాల్ గానీ, అదీ మంచు తవ్విన లోయే, పొడవు వంద కిలోమీటర్ల పైమాటే. దాని మూతి దగ్గర అడుగు గడపలా పైకి లేచి ఉంటుంది. ఆ గడప దాటి కొత్త నీళ్లు దక్షిణపు కొసదాకా చేరడానికి చాలా కాలం పడుతుంది. పైన పెరిగిన పచ్చదనమంతా చచ్చి అడుగుకు చేరి కుళ్లుతుంది, ఆ కుళ్లు అడుగు ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఎండాకాలం చివరికి అక్కడ చేపలు లోతు వదిలి పైకి వచ్చి గుమిగూడతాయి. అప్పుడు దక్షిణపు గాలి గట్టిగా వీచిందంటే పైనున్న ఆక్సిజన్ ఉన్న నీళ్లు పక్కకు పోయి, ఊపిరాడని అడుగు నీళ్లు పైకి వస్తాయి. 2006 సెప్టెంబరులో అలాగే చేపలు పెద్ద ఎత్తున చచ్చాయి. మేలో చెరువు ఇంకిపోతున్నప్పుడు తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

న్యూజిలాండ్‌లోని మిల్‌ఫర్డ్ సౌండ్‌లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ ఏటా ఆరేడు మీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో పన్నెండేళ్లు కురిసేది అక్కడ ఒక్క ఏడులో కురుస్తుందన్నమాట. ఆ మంచినీళ్లు అడవి ఆకుల రసంతో టీ డికాషన్ రంగులో వచ్చి ఉప్పునీళ్ల మీద పొరలా నిలుస్తాయి. కింద పట్టపగలే చీకటి. చీకటి కాబట్టి, మామూలుగా ఎంతో లోతులో బతికే నల్ల పగడాలు అక్కడ పది మీటర్ల దగ్గరే దొరుకుతాయి. అల కొట్టే తీరంలో ఆ పొర ఒక్క రోజు నిలవదు.

బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఈ డైవింగ్‌లో సగం పాఠాలు ముందే తెలుసు. ఏప్రిల్ ఎండలో మోటబావిలో దూకితే పైన గోరువెచ్చగా, మట్టు లోతుకు పోయేసరికి కాళ్లకు జిల్లుమని తగిలే గీత ఉంటుంది. అడుగున వేసిన రూపాయి బిళ్ల తేబోతే రెండు మట్ల దగ్గర చెవులు పోటు పెడతాయి. సముద్రంలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి చెవుల బాధ అంతా మొదట్లోనే. తెలియని పాఠం చలి. ప్యూజెట్ సౌండ్ అడుగున ఎండాకాలమైనా చలికాలమైనా 7 నుంచి 13 డిగ్రీల మధ్యే. నీళ్లు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. అందుకే అక్కడ నీళ్లు చొరబడని డ్రై సూట్ వేస్తారు, లోపల ఉన్ని బట్టలు. ఆ సూట్లో గాలి ఉండటం వల్ల మనిషి మునగడు. నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న పిల్లవాడికి, మునగడానికి సీసం కట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది. సూట్లోని గాలి లోతులో నీటి ఒత్తిడికి కుంచించుకుపోయి, పైకి వస్తున్నప్పుడు ఉబ్బుతుంది. దాన్ని వదలడం మరిచిపోతే మనిషి బుడగలా పైకి దూసుకొస్తాడు. ఊపిరితిత్తులకు అంతకన్నా ప్రమాదం లేదు.

విశాఖ రుషికొండలోనో అండమాన్‌లోనో 18 మీటర్ల దాకా దిగే ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఆ కార్డుతో నేరుగా సియాటిల్ నీళ్లలో దిగకపోవడం మంచిది. డ్రై సూట్, చలినీళ్లు, మసక, స్లాక్ లెక్కలు, ఇవన్నీ అక్కడివాళ్ల దగ్గరే వేరుగా నేర్చుకోవాలి. సెలవు చివరి రోజున దిగాలన్న ఆశ కూడా వదులుకోవాలి. వరుసగా డైవింగ్ చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది నియమం.

మన దగ్గర అలాంటి చోటు ఉందా అని చూస్తే ముందు తగిలేది ఎత్తు. 300 మీటర్లు దాటిన ఎత్తులో దిగితే మామూలు డైవింగ్ లెక్కలు పనికిరావు, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఒంట్లో నైట్రోజన్ బుడగలు తొందరగా కడతాయి. అనంతపురం ఊరు ఆ గీత దాటే ఉంది. కడప, బేతంచర్ల ఇళ్లలో పరిచిన నాపరాళ్లు ఒకప్పటి ప్రశాంతమైన సముద్రం అడుగున పొరలు పొరలుగా దిగిన సున్నపు బురదే గానీ, చేపలు ఇంకా పుట్టని కాలం నాటి ఆ సముద్రంలో దిగే వీలు ఎవరికీ లేదు. మిగిలింది శ్రీశైలం వెనుక జలాలు. నిండు మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు, 300 గీతకు కిందే. కొండల మధ్య పాయలుగా విస్తరించిన నీళ్లు, అలల్లేవు. మ్యాపులో చూస్తే అచ్చం నార్వే పాయలా ఉంటుంది. ముచ్చుమర్రి దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి వేసవిలో బయటపడే సంగమేశ్వరం గుడి కూడా ఉంది. స్కాపా ఫ్లో నౌకల్లా దాన్ని చూడొచ్చు కదా అనిపిస్తుంది.

కుదరదు. కృష్ణా, తుంగభద్ర మోసుకొచ్చే ఒండ్రు వల్ల వరద రోజుల్లో చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. అడుగున మునిగిన చెట్ల మోడులు, జాలర్ల వలలు. నీళ్లు తేటపడే నెలలకు గుడి పైకి వచ్చే కాలం దగ్గరపడుతుంది, అప్పుడు సిలిండరు ఎందుకు, నడిచే వెళ్లొచ్చు. వీటన్నిటికీ తోడు తూములు. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఒకవైపు, మల్యాల, ముచ్చుమర్రి పంపులు ఇంకోవైపు, కింద శ్రీశైలం గేట్లు, విద్యుత్ కేంద్రాలు. అక్కడ నీళ్లు ఎప్పుడు నిలుస్తాయో అష్టమి చెప్పదు, నోవా పట్టికా చెప్పదు. ఏ గేటు ఎప్పుడు ఎత్తాలో, ఏ పంపు ఎప్పుడు ఆపాలో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో తేలుతుంది, అది కూడా చాలాసార్లు పంచాయితీ అయ్యాకే.